సూరమ్మను నేనే

ప్రసారం 612

ఉదయం ఆరుంబావుకి మొదలు, ఆరూ ఇరవై ఏడుకి ఆపు. కాలవలో ఉప్పు లీటరుకి 1.4 గ్రాములు. రెండు దాటలేదు కాబట్టి మడికి నీళ్ళు పెట్టుకోవచ్చని సూరమ్మ చెప్పింది. ఆవిడ తర్వాత భాస్కరం గారు పడవల వేళలు చదివారు. బుల్లెబ్బాయి కొత్తరేవులో జనాన్ని దాటించే పంటు మీద రెండు జోకులు వేశాడు. పద్మజ ఉత్తరాలు చదివింది.

నలుగురివీ నా గొంతులే.

పన్నెండు నిమిషాలకి మించి మాట్లాడను. అంతకంటే ఎక్కువైతే గొంతుల మీద నిఘా పెట్టే గళ శాఖ వ్యాను తరంగం ఎటునుంచి వస్తోందో పట్టేస్తుంది. ఆపగానే కొబ్బరిచెట్టు మీది తీగ దింపి చుట్టి, ట్రాన్స్‌మిటర్‌ని డ్రమ్ములో పెట్టి మీద తౌడు పోస్తాను. ఇది ఒకప్పుడు రొయ్యపిల్లల హేచరీ. సముద్రం గట్టు దాటి వచ్చాక రొయ్యలవాళ్ళు వెళ్ళిపోయారు, షెడ్డు మిగిలింది. సిమెంటు తొట్ల మధ్య గొంతు మోగకుండా గోడలకి గోనెసంచులు వేలాడదీశాను.

దొంగ రేడియోకి లాగ్ బుక్ ఎందుకని మా ఆవిడ మాణిక్యం అడుగుతుంది. హైదరాబాదు డబ్బింగ్ థియేటర్లలో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆ రోజు ఎవరికి చెప్పానో, ఎన్ని టేకులు తిన్నానో సాయంత్రానికి రాసుకోకపోతే పని పూర్తయినట్టు ఉండేది కాదు. ఆ అలవాటు పోలేదు.

ప్రసారం 614

ఉప్పు 1.5.

ఉత్తరాలు నాలుగు. అవి లాకుల దగ్గర ఫిర్యాదుల పెట్టెలో పడతాయి. పెట్టె తాళం మా ఆవిడ దగ్గర ఉంటుంది, ఆవిడ అక్కడ లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం, రోజుకి రెండుసార్లు మీటరు ముంచి ఉప్పు చూడడం ఆవిడ పని. చూసిన అంకె పై ఆఫీసుకి పంపుతుంది, పొద్దున్నే నాకూ చెబుతుంది. అక్కడ ధ్రువీకరణ అయ్యి, ప్రకటనగా రేవులో మైకులోకి వచ్చేసరికి రెండు రోజులు. ఈలోపు సముద్రం పొంగే పోటూ, వెనక్కి తగ్గే పాటూ నాలుగేసిసార్లు అయిపోయి నీళ్ళు మారిపోతాయి. నలుగురికి మించి జనానికి ఏ కబురు పంపినా అది ధ్రువీకరణకి వెళ్ళి తీరాలి. అందుకే ఈ షెడ్డు.

ఒక ఉత్తరంలో ఎవరో కొత్త కోడలు బాతుగుడ్ల పులుసు ఎలా పెట్టాలని సూరమ్మని అడిగింది. నాకు రాదు. దించే ముందు చిన్న బెల్లంముక్క వెయ్యమని సూరమ్మ చేత చెప్పించాను. బాగానే కుదురుతుందనుకుంటాను.

ఇంకో ఉత్తరం: "మీ నలుగురిలో పద్మజ గారికి పెళ్ళయిందా?" దాన్ని చదవలేదు.

ప్రసారం 617

ఉప్పు 2.6. ఈ ఏడాదిలో ఇదే ఎక్కువ. అమావాస్య పోటు తలుపుల మీదుగా లోపలికి వచ్చేసింది.

సూరమ్మ గొంతులో మామూలుగా తొందర ఉండదు. ఇవాళ పెట్టాను. "తూములు ముయ్యండి నాయనా. ఇయ్యాల నీళ్ళు ముట్టకండి. నారు మాడిపోద్ది." మూడుసార్లు చెప్పాను.

తొమ్మిదింటికి రేవులో మైకు ఉప్పు 1.2 అని ప్రకటించింది. అది మొన్నటి అంకె. ముద్ర ఉన్న అంకె. అయినా మధ్యాహ్నం సైకిలు మీద ఏడు ఊళ్ళు తిరిగి చూస్తే ఒక్క తూము కూడా తెరిచి లేదు. ఎవరినీ అడగలేదు. ఊరికే చూసుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చి మాణిక్యంతో చెబితే, "ఇంక అన్నం తినండి," అంది.

ప్రసారం 618

ఉప్పు 2.3. నిన్నటి తొందరకి సూరమ్మ గొంతు బొంగురుపోయి ఉంటే ఇవాళ అంకె భాస్కరం గారి చేత చదివించాను.

తీగ దింపుతుంటే మాణిక్యం పడవ తోసుకుంటూ వచ్చింది. డ్యూటీ మధ్యలో ఎప్పుడూ రాదు.

"సూరమ్మని పట్టుకున్నారంట," అంది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నిజంగానేనండి. కొత్తరేవు అవతల బాతులు మేపుకుంటది ఓ పెద్దావిడ. గంగరత్నం అంట పేరు. నిన్న సాయంత్రం తీసుకెళ్ళిపోయారు. కొత్త మెషిన్ వచ్చిందంట. రేడియోలో గొంతుని జిల్లాలో అందరి గొంతు పట్టాలతోనూ పోల్చి చూస్తే ఆవిడ పేరొచ్చిందంట. నూటికి తొంభై ఒకటి."

నేను తొట్టి అంచు మీద కూర్చున్నాను.

ఆరేళ్ళ కిందట 'ఒక మనిషికి ఒక గొంతు' చట్టం వచ్చింది. పట్టా రాసే గుమాస్తా మీ సొంత గొంతులో ఒక వాక్యం చదవండి అన్నాడు. నా సొంతది ఏదో నాకే వెంటనే తోచలేదు. సినిమాల్లో నేనెప్పుడూ హీరోకి చెప్పలేదు. జనానికి చెప్పేవాణ్ణి. పెళ్ళివారు, బస్సులో ముసలాయన, కోర్టు బయట గుంపు. చివరికి దారిలో ఎవరినైనా టైమెంతయిందని అడిగేటప్పుడు వాడే గొంతు ఒకటి ఇచ్చేసి వచ్చాను. మిగతావన్నీ ఆ రోజు నుంచి నేరం. అందుకే మెషిన్ నన్ను పట్టలేదు. దాని దగ్గర నేను ఇచ్చిన గొంతుకీ సూరమ్మకీ సంబంధం లేదు.

మరి ఆ పెద్దావిడ ఎవరు? నాకు తెలుసు. మాణిక్యానికి అప్పుడే చెప్పలేకపోయాను.

ప్రసారం 619

రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. ఆవిడ లోపల ఉండగా సూరమ్మ బయట మాట్లాడితే, ఆవిడ సూరమ్మ కాదని తేలిపోతుంది కదా. ముందే రికార్డు చేసిందని అనకుండా ఇవాళ్టి అంకె చెప్పాలి.

చెప్పాను. "ఇయ్యాల ఉప్పు రెండుకి సరిగ్గా ఉంది నాయనా. సాయంత్రం పాటుకి తగ్గుద్ది. నేను బయటే ఉన్నాను. మీరు పట్టుకున్న తల్లి ఎవరో నాకు తెలీదు, ఆవిణ్ణి ఇంటికి పంపెయ్యండి."

పన్నెండు నిమిషాలు కాస్తా పద్నాలుగయ్యాయి. తీగ గబగబా దింపి చుట్టేశాను. వ్యాను రాలేదు.

మధ్యాహ్నం మైకులో ప్రకటన వచ్చింది. ఇవాళ్టి గొంతు కూడా తొంభై రెండు వంతులు గంగరత్నానిదేనట. కాబట్టి ఆవిడ తన గొంతుని ఒక ముఠాకి ఇచ్చిందనీ, వాళ్ళు మెషిన్‌తో దాన్ని మాట్లాడిస్తున్నారనీ శాఖ భావిస్తోందట. దానికి శిక్ష ఏడేళ్ళు.

నిన్నటికి ఆవిడది దొంగ ప్రసారం నేరం. దానికి అరవై రోజుల కాలవ పని. నేను సాయం చెయ్యబోయి ఏడేళ్ళు చేశాను.

ప్రసారం లేదు

మాణిక్యానికి అంతా చెప్పాను.

ఆరేళ్ళ కిందట, చట్టం వచ్చాక, హైదరాబాదు వదిలి వచ్చిన రోజు కొత్తరేవులో పంటు కోసం నిలబడ్డాను. నీళ్ళలో ఒకావిడ తత్తత్తా అని పిలుస్తూ బాతుల్ని తోలుకెళ్తోంది. తల మీద తువ్వాలు, మొహం సరిగ్గా కనపడలేదు. పంటు నడిపే సరంగు హారన్ కొడితే ఆవిడ ఆగి, "నీ పంటుకంటే నా బాతులు ముందొచ్చాయి. వరసలో రా," అంది. కింద నుంచి మొదలై మాట చివర పైకి లేచే గొంతు. తప్పేలా మూత దొర్లినట్టు ఉంది. రేవులో అందరూ నవ్వారు. నేను మాత్రం పంటు ఎక్కి అవతలి ఒడ్డు చేరేదాకా పెదవుల లోపల ఆ గొంతునే సాధన చేశాను. గొంతు దొరికితే వదలకపోవడం మా వృత్తి. ఆవిడ పేరు అడగాలని తోచలేదు.

మాణిక్యం చేటలో బియ్యం ఏరుతూనే ఉంది.

"మా అక్కకి జరిగిందీ ఇదే కదండీ," అంది చివరికి.

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. చట్టం రాకముందు మా వదినకి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఆవిడ భర్త గొంతు. గట్టు దగ్గర పడవలో ఉన్నాను, రమ్మన్నాడు. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు. చనిపోయాడని ఆవిడకి తెలుసు. తెలిసే వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి దొంగలు ఇల్లు ఊడ్చిపెట్టేశారు. పోయిన సామాను గురించి ఆవిడ ఒక్కసారి కూడా బాధపడలేదు. ఫోన్ మోగితే మాత్రం ఇప్పటికీ పెరట్లోకి వెళ్ళిపోతుంది. ఆ చట్టం ఊరికే రాలేదు. నేను దాన్ని ఇన్నాళ్ళూ గుమాస్తాల పిచ్చి అనుకోవడానికే ఇష్టపడ్డాను.

"వాళ్ళు మెషిన్‌తో చేశారు. నేను నోటితో చేశాను," అన్నాను.

"అయితే వెళ్ళి చెప్పండి. నా సంగతి చూడకండి."

ఆవిడ ఉద్యోగం పోతుంది. ఆ మాట నేనూ అనలేదు, ఆవిడా అనలేదు. ఉతికిన చొక్కా తీసి మంచం మీద పెట్టింది.

ప్రసారం లేదు

గళ శాఖ ఆఫీసు పాత కల్యాణమండపం మేడ మీద ఉంది. కింది అంతస్తులో ఎప్పుడూ మోకాలి లోతు నీళ్ళు. చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాను.

ఇన్‌స్పెక్టర్ పేరు తనూజ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. సరిగ్గా నిద్రపోని మొహం.

"మేడమ్, సూరమ్మను నేనే. ఆవిణ్ణి వదిలెయ్యండి."

ఆవిడ ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఒక రిజిస్టరు తెరిచి కలం తీసింది.

"కూర్చోండి. మీరు ఆరోవారు."

"ఆరోవారంటే ఏంటండి?"

"సూరమ్మను నేనే అని ఒప్పుకోవడానికి వచ్చినవాళ్ళలో. మొన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. నిన్న ఒక హోమియో డాక్టరు గారు, ఎనభై రెండేళ్ళాయన. ఆ అంకెలు విని పంట దక్కించుకున్నామండి, ఆవిడ బదులు మమ్మల్ని పెట్టుకోండి అంటున్నారు." కలం పక్కన పెట్టింది. "మీకు ఎన్నెకరాలు?"

"నాకు పొలం లేదండి. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని."

మెషిన్ ముందు కూర్చోబెట్టింది. చిన్న మైకు, పక్కన తెర. సూరమ్మ మాట్లాడిన వాక్యం ఒకటి కాగితం మీద రాసి ఇచ్చింది. ఆరు వందల సార్లకి పైగా మాట్లాడిన గొంతు. నోరు తెరిచాను. కీచుమని ఏదో వచ్చింది. దగ్గి మళ్ళీ చెప్పాను. ఈసారి పెళ్ళివారి గుంపులో ముసలమ్మ వచ్చింది. సూరమ్మ రాలేదు.  మూడోసారీ అంతే. థియేటర్లో ఎంతమంది ముందు చెప్పినా ఎన్నడూ ఇలా కాలేదు.

"ముప్పై ఎనిమిది," అంది ఇన్‌స్పెక్టర్. "డాక్టరు గారికి నలభై ఒకటి వచ్చింది."

"ఇంకోసారి చూడండి మేడమ్."

"మూడుసార్లు చూశాను. మీ మనసు మంచిది. ఇంటికెళ్ళండి." ఆ గొంతులో వెటకారం లేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

పక్కగది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల బెంచీ మీద ఎవరివో కాళ్ళు కనపడ్డాయి. పగుళ్ళు బారిన మడమలు, వెండి మెట్టెలు. ఆ కాళ్ళ వైపు చూసి, చెప్పులు పట్టుకుని మెట్లు దిగాను.

అదే రోజు, సాయంత్రం

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. కొత్తరేవు దాటి గంగరత్నం పాక ఎక్కడో అడుగుతూ వెళ్ళాను. అక్కడ ఏం చేద్దామనో నాకే తెలీదు.

దూరం నుంచే బాతుల గోల వినపడింది. పాక దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబులు కర్ర పట్టుకుని గట్టు మీద పరిగెడుతున్నాడు. పాటు మొదలైంది. సముద్రపు గట్టుకి గండి ఉన్న వైపు నీళ్ళు లాగుతున్నాయి. నూటయాభై బాతుల దాకా ఆ నీళ్ళతో పాటు గండి వైపు కొట్టుకుపోతున్నాయి. నాలుగు రోజులుగా వాటికి సరైన మేత లేదు, నురగలో కొట్టుకొచ్చే పురుగుల కోసం వెళ్తున్నట్టున్నాయి. గండి దాటితే ఇంక వెనక్కి రాలేవు.

"హుష్, హుష్" అని అతను కర్ర విసిరే కొద్దీ అవి ఇంకా దూరం పోతున్నాయి.

"దిగండి, అటునుంచి చుట్టి రండి," అన్నాను.

"నాకు ఈత రాదండి."

నాకూ రాదు. మొదటి గుంపు గండికి ఇరవై గజాల్లో ఉంది. నేను గట్టు అంచుకి వెళ్ళి పిలిచాను. ఆరేళ్ళ కిందట రేవులో విన్న పిలుపు. "తత్తత్తా, రండమ్మా, రండే. ఎక్కడికే ఆ పోవడం, కొంపలేం మునిగాయనే, రండి."

గొంతు నేను వెతుక్కోలేదు. కింద నుంచి మొదలై మాట చివర పైకి లేచింది.

ముందున్న బాతు మెడ తిప్పింది. మళ్ళీ పిలిచాను. అది తిరిగింది. దాని వెనకవి తిరిగాయి. ఆ తర్వాత గుంపు మొత్తం ప్రవాహానికి ఎదురు కాళ్ళు ఆడిస్తూ నా వైపు వచ్చింది. పిలుస్తూనే ఉన్నాను. చివరి బాతు గట్టెక్కేదాకా ఆపలేదు.

వెనక కర్ర కింద పడ్డ చప్పుడైంది. కానిస్టేబులు పాక గుమ్మం వైపు చూస్తున్నాడు.

"పెద్దమ్మా, ఎప్పుడొచ్చావ్?" అన్నాడు.

గుమ్మంలో ఎవరూ లేరు. మెల్లగా నా వైపు తిరిగాడు. చొక్కా మీద పేరు దానియేలు అని ఉంది. 

"పొద్దున్న నేను ఆఫీసులో ఉండగా మీరే కదండీ వచ్చింది. ముప్పై ఎనిమిది," అన్నాడు.

"నేనేనండి."

"మళ్ళీ ఓసారి రావాలండి ఆఫీసుకి."

"వస్తాను. ముందు వీటిని దొడ్లో పెట్టి తౌడు కలపనివ్వండి."

ఇద్దరం కలిసి తౌడు కలిపాం. పని చేస్తున్నంతసేపూ అతను నన్ను ఓరకంట చూస్తూనే ఉన్నాడు.

ప్రసారం లేదు

చీకటి పడిందని దానియేలు నిన్న నన్ను అక్కడే ఉంచి, పొద్దున్నే తీసుకెళ్ళాడు. తను విన్నది విన్నట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ మళ్ళీ మైకు పెట్టింది. ఈసారి తొంభై మూడు. గొంతు నిన్నటి నుంచీ అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. తర్వాత భాస్కరం గారినీ, బుల్లెబ్బాయినీ, పద్మజనీ వరసగా మాట్లాడించాను. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి వాలింది.

"రెండేళ్ళ నుంచి నలుగురి కోసం వెతుకుతున్నాం," అంది. "పద్మజ గారి కోసం మా డ్రైవరు ప్రత్యేకంగా వెతుకుతున్నాడు."

గంగరత్నాన్ని పిలిపించింది. అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. నల్లగా, పొట్టిగా, నిటారుగా ఉంది. నా ఎదురుగా కూర్చుంది. నేను లేచి దణ్ణం పెట్టాను.

"నా బాతులు?" అంది ముందు.

"నూట నలభై ఏడండి. అన్నీ ఉన్నాయి," అన్నాడు దానియేలు. "ఈయనే పిలిచాడు."

అప్పుడు నన్ను చూసింది. "నువ్వా? రెండేళ్ళ నించీ రేవులో ఎవురు కనపడినా సూరమ్మా, ఇయ్యాల ఉప్పెంత అంటారు. నేను కాదురా నాయనా అంటే నవ్వుతారు. నా నోరు నొప్పెట్టింది. ఏదీ, అను."

"ఏమనమంటారండి?"

"ఏదో ఒకటి. నా గొంతుతో అను."

"ఇయ్యాల ఉప్పు ఒకటీ ఎనిమిది నాయనా. తూములు తెరుచుకోవచ్చు," అన్నాను.

ఆవిడ తల పక్కకి వంచి వింది. మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"ఇది నా గొంతా?" అని ఇన్‌స్పెక్టర్ని అడిగింది.

"మెషిన్ అదే అంటోందమ్మా."

"కాదండి. ఇది మా అమ్మది." కొంగుతో మూతి తుడుచుకుంది. "రేడియోలో గరగరలో పోల్చుకోలేదు. మా అమ్మ పోయి ముప్పై ఏళ్ళయింది." నా వైపు వంగింది. "అబ్బాయీ, ఒక్కసారి... రత్తీ, అన్నం తిన్నావా అను. అంతే."

నాకు అది చెప్పడం ఎంతసేపు. నోటి దాకా వచ్చేసింది కూడా. పడవ దగ్గరికి నడిచి వెళ్ళిన మా వదిన కళ్ళముందు కనిపించింది.

"అది మాత్రం చెప్పలేనండి," అన్నాను. "మీ దగ్గర అడక్కుండా ఇప్పటికే చాలా తీసుకున్నాను. అదీ తీసుకోలేను."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. తిట్టుకుందో, ఏడుపు ఆపుకుందో నేను చెప్పలేను. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"పులుసులో బెల్లం వెయ్యమన్నావు," అంది.

"అవునండి."

"బాతుగుడ్ల పులుసులో బెల్లమేంట్రా. మా ఆడపడుచు పనిగట్టుకుని వచ్చి అడిగింది, ఎప్పుడు నేర్చావమ్మా ఈ వంట అని. నా పరువు పోయింది."

"తప్పయిపోయిందండి."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుంది. గొంతు దొంగతనం కేసు పెట్టాలంటే సొంతదారు ఫిర్యాదు ఉండాలంది. ఫిర్యాదు లేకపోతే నా మీద మిగిలేది దొంగ ప్రసారం ఒక్కటే. ఆవిడ ఇష్టం.

"ఏడేళ్ళు నేనేం చేసుకుంటాను ఇతన్ని లోపలేసి," అంది గంగరత్నం. "కానీ ఇంక నా గొంతు జోలికి రాకూడదు. నువ్వు నాతో సెప్పించినవన్నీ నేను సెప్పినయ్యే అనుకుంటున్నారు జనం. సెప్పాల్సింది ఉంటే నేనే సెప్పుకుంటాను. నాకు నోరు లేదా?"

కాగితం మీద వేలిముద్ర వేసి, నిలబడి, దానియేలుతో బాతులకి ఏం పెట్టారో అడుగుతూ వెళ్ళిపోయింది. నా వైపు మళ్ళీ చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ నా వాంగ్మూలం రాసుకుంది. ట్రాన్స్‌మిటర్ జప్తు, అరవై రోజులు కాలవలో గుర్రపుడెక్క తీసే పని. చివర్లో కలం ఆపింది.

"అంకెలు ఎక్కడి నుంచి వచ్చేవని ఒక ప్రశ్న ఉంది ఈ ఫారంలో."

నేను ఆవిడ చేతిలో కలం వైపు చూశాను.

"ఈ కాలవ మీద మీటరు ఒక్కటే ఉందని నాకు తెలుసు," అంది. ఆ గడిలో అడ్డంగా గీత గీసి, పేజీ తిప్పింది.

మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. కింద నీళ్ళలో మాణిక్యం పడవ మీద కూర్చుని ఉంది. ఏమయిందని అడగలేదు. నా మొహం చూసి తెడ్డు అందుకుంది. ఇంటికి వెళ్ళి పడుకుంటే మర్నాడు మధ్యాహ్నానికి గాని మెలకువ రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆరుంబావు నేను నిద్రలో ఉండగా దాటిపోయింది.

పని రోజు 23

ట్రాన్స్‌మిటర్‌తో పాటు తీసుకెళ్ళిన ఈ పుస్తకం వాళ్ళు తిరిగి ఇచ్చేశారు. ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి. అందుకని రాస్తున్నాను.

ఇన్‌స్పెక్టర్ పై వాళ్ళకి రాసింది. పట్టా ఉన్న గొంతు సాక్షి ఎదుట ప్రత్యక్షంగా చదివితే, ఉప్పు అంకె వరకు ధ్రువీకరణ అక్కర్లేదని మూడు నెలల వరకు చెల్లేలా అనుమతి వచ్చింది. సాక్షి దానియేలు. గొంతు ఎవరిదని అడిగితే కాలవ వెంట లంక ఊళ్ళలో అందరూ ఒకే పేరు చెప్పారట. గంగరత్నం మొదట కుదరదంది. బాతులు తోలే వేళ కాకుండా పెట్టుకుంటే వస్తానంది. ఆరుంబావు ఆరున్నరయింది.

ఇవాళ మొదటి రోజు. మేం పదకొండుమందిమి లాకుల కింద నడుములోతు నీళ్ళలో గుర్రపుడెక్క లాగుతున్నాం. గట్టు మీద ఎవరో రేడియో పెట్టారు. ముందు గరగర. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం ఎక్కువయ్యేసరికి గట్టుకి దగ్గరగా జరిగాను. మైకు ముందు మొదటిసారి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"మాట్లాడమంటారా?" అంది గంగరత్నం ఎవరితోనో. "సరే. ఉప్పు ఒకటీ ఒకటి. నీళ్ళు బావున్నాయి, పెట్టుకోండి. పులుసులో బెల్లం వెయ్యమని నేను ఎప్పుడూ సెప్పలేదు. ఎవురైనా ఏస్తుంటే ఆపెయ్యండి. ఇంకేం సెప్పాలయ్యా? అంతేనా? అంతే."

నిమిషం కూడా పట్టలేదు.

నా పక్కన డెక్క లాగుతున్న ముసలాయన చెయ్యి ఆపి విన్నాడు. నేనెవరో ఆయనకి తెలీదు.

"ఈవిడెవరో కొత్తావిడండి," అన్నాడు పెదవి విరిచి. "పాత సూరమ్మే నయం. నిదానంగా సెప్పేది."

నవ్వు వచ్చింది. ఆపుకోలేదు. నీళ్ళలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వుతుంటే ఆయనా ఏమీ తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టాడు.

"లేదండి," అన్నాను కాసేపటికి. "ఈవిడే అసలు సూరమ్మ."

పైన లాకుల మీద నుంచి మాణిక్యం చెయ్యి ఊపింది. తలుపు ఎత్తుతోంది, జరగమంటోంది. మేం చేతిలో ఉన్న డెక్కని గట్టు మీదికి విసిరి పక్కకి జరిగాం. చప్పుడు చేసుకుంటూ మంచినీళ్ళు కిందికి దిగాయి.